మెర్లా నాలుగేళ్ల అనుభవం

మా కొండ కౌంటీలో లైసెన్సున్న ఇంజనీరు ఒక్కడే, హోమర్ స్టిడమ్. ఆయన ముద్ర పడకపోతే పిల్లకాలువ మీద పలక వేయడానికి కూడా లేదు. ఆయన ఆఫీసులో ఫోన్లెత్తడం, కాఫీ కాయడం, ఆయన కోపం భరించడం నా ఉద్యోగం. నా పేరు వెర్నా.

మెర్లా కాడిల్ కాలేజీ నుంచి నేరుగా మా దగ్గరికొచ్చింది. తనకూ లైసెన్సు రావాలంటే ఆయన కింద నాలుగేళ్లు పనిచేయాలి. ఆమె గీసిన ప్రతి కట్టడం బొమ్మనూ ఆయన చూసి సరిదిద్దాలి. చివర్న, అవన్నీ తానే చూసి సరిదిద్దానని ఆయన సంతకం పెట్టాలి.

మొదటి ఏడాది హోమర్ ఆ పిల్లను కాల్చుకు తిన్నాడు. "ఇది వంతెనా, కోళ్లగూడా?" అంటూ కాగితమంతా ఎర్రసిరాతో గీకేవాడు. తర్వాత్తర్వాత ఎరుపు తగ్గింది. పోయిన ఏడాదైతే ఒక్క గీత లేదు. మెర్లా పొంగిపోయింది. నాకు మాత్రం భయం పట్టుకుంది, ఎందుకంటే ఆయన నన్ను చచ్చిపోయిన తన భార్య పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. ఆ సంగతి మెర్లాకు చెప్పాను.

"పెద్దాయన కదా పిన్నీ, పరధ్యానం" అని నవ్వేసింది. కానీ మనసు ఒప్పక, ఒక దూలం బొమ్మలో అడుగున ఉండాల్సిన ఇనుప కడ్డీలన్నీ కావాలనే పైన గీసి ఆయన ముందు పెట్టింది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు కూడా పట్టేసే తప్పది. హోమర్ కళ్లజోడు సవరించుకున్నాడు, తలాడించాడు, ముద్ర కొట్టాడు.

"నీకింక నేనెందుకే, బంగారం?" అన్నాడు ప్రేమగా.

మెర్లా బయటికొచ్చి ఆ కాగితం చింపేసింది.

"ఎరుపు తగ్గిందంటే నాకు పని వచ్చేసిందనుకున్నా, పిన్నీ."

పోయిన ఏడాది బొమ్మలన్నీ బయటికి లాగింది. మొదట తీసిందే లారెల్ వాగు వంతెన. పునాది లోతు చాలలేదు. వరదొస్తే నీళ్లు అడుగు మట్టిని తోడేస్తాయి. స్కూలు బస్సు రోజూ వెళ్లేది దాని మీదుగానే. కిటికీ బయట వాన అప్పటికే పట్టుకుంది.

వంతెన మూయించమని కౌంటీ పెద్ద ఫ్యూగేట్‌కు ఫోన్ చేసింది.

"నీకు లైసెన్సుందా అమ్మాయ్?"

"ఇంకా లేదండీ. నాలుగేళ్లూ నిండాయి. హోమర్ గారు సంతకం కూడా పెట్టేశారు, దరఖాస్తు పంపడమే మిగిలింది."

"అయితే ఆయన్నే చెప్పమను, మూసేస్తాను."

మెర్లా ఉత్తరం రాసి హోమర్ ముందు పెట్టింది. అదీ చదవకుండానే సంతకం చేశాడు. సాయంత్రానికి వంతెనకు అడ్డాలు పడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. కానీ దారి మూసేశారని జనం పోరు పెట్టడంతో ఫ్యూగేట్ తిరిగి ఆఫీసుకు ఫోన్ చేశాడు. హోమర్‌కు కలిపింది నేనే.

"లారెల్ వంతెనా? ఎవడయ్యా మూసింది?" అని ఇంతెత్తున లేచాడు హోమర్. "ప్రతి గీతా నేను చూశాను. ఏనుగుల్ని తోలుకో, ఏమీ కాదు!"

ఆ గొంతులో రవ్వంత తడబాటు లేదు. మా వాళ్లకు అది ఎన్నో ఏళ్లుగా వేదవాక్కు. అడ్డాలు తీసేశారు.

తెల్లారినా వాన తగ్గలేదు. మెర్లాను నా కారులో వంతెన దగ్గరికి తీసుకెళ్లాను. వాగు మట్టిరంగు తిరిగి, చెట్ల మొదళ్లను ఈడ్చుకుపోతోంది. మలుపులో బస్సు దీపాలు కనిపించగానే మెర్లా పరిగెత్తి వంతెన మొదట్లో అడ్డంగా నిలబడింది.

"తప్పుకో తల్లీ!" అని అరిచాడు డ్రైవరు. "బాగుందని మీ పెద్దాయనే అన్నాడట కదా!"

ఏం చెప్పబోతోందో నాకు అర్థమైపోయింది. "ఆ మాట మాత్రం అనకే! నీ నాలుగేళ్లూ బూడిదపాలవుతాయి!" అని చెయ్యి పట్టుకు లాగాను. విదిలించుకుంది.

"ఆయన చూడలేదు!" గొంతు చించుకుని అరిచింది. "ఏడాదిగా నా బొమ్మలు ఎవరూ చూడలేదు! ఇది నేనొక్కదాన్నే గీశాను, తప్పు గీశాను!"

పిల్లలు కిటికీలకు ముఖాలు ఆనించి చూస్తున్నారు. డ్రైవరు ఆమెనూ కింద నీళ్లనూ మార్చి మార్చి చూసి, బస్సును వెనక్కి మళ్లించాడు.

పద, తడిసిపోతున్నావు, అన్నాను. మెర్లా కదల్లేదు.

"నేను గీస్తే పోయినేడు కట్టిన వంతెనలు ఇంకా ఆరున్నాయి పిన్నీ" అంది. "వాటి బొమ్మలింకా తెరిచి చూడలేదు."