లాండ్రీ గదిలో వక్తృత్వ పాఠాలు

మొన్న శనివారం పొద్దున్న చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తుంటే మా వీధి చివరింటి అమ్మాయి వచ్చింది. ఇక్కడే అమెరికాలో, మా క్యారీ ఊళ్ళోనే పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీలో చదువుతోంది. తెలుగు బాగానే అర్థమవుతుంది గానీ మాట్లాడేటప్పుడు వాక్యం చివరికొచ్చేసరికి తడబడుతుంది. "ఆంటీ, మీరు ఎం.ఏ. ఇంగ్లీష్ కదా? చైనాలో యూనివర్సిటీ స్టూడెంట్స్‌కి ఇంగ్లీష్ కాంపిటీషన్ ఉంది. మేము వీడియోలో ప్రాక్టీస్ చేయిస్తాం. ఇవాళ ఒక వాలంటీర్ రాలేదు. జస్ట్ వన్ అవర్ ఆంటీ, ప్లీజ్!" అంది. నేను సరేనన్నానో లేదో కూడా చూడకుండా చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపి లాప్‌టాప్ పెట్టేసింది. తెరమీద కళ్ళజోడు అమ్మాయి, వెనకాల హాస్టల్ మంచాలు, మంచాల మీద ఆరేసిన తువ్వాళ్ళు. నేను కాగితం చూసి మొదటి ప్రశ్న అడిగాను. ఆ పిల్ల వినయంగా తల వంచి, "టీచర్, ముందు మీరు జవాబు చెప్పండి. నేను విని నేర్చుకుంటాను" అంది. నేను కాగితం పట్టుకుని తెర వైపే చూస్తూ ఉండిపోయాను. ఇంటర్నెట్ పోయిందనుకుని పక్కనున్న పిల్ల వైర్లు కదపడం మొదలుపెట్టింది.

ఆ మాట విని నలభై ఏళ్ళు దాటింది. ఎనభైల మొదట్లో మేము అమెరికా నడిమధ్య ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్ళో ఉండేవాళ్ళం. ఊరి చుట్టూ మొక్కజొన్న చేలు. చలికాలం వస్తే చేను ఏదో రోడ్డు ఏదో తెలిసేది కాదు, అంతా మంచే. మా ఆయన కెమిస్ట్రీలో పిహెచ్.డి. చేస్తుండేవారు. నేనేమో గుంటూరులో ఇంగ్లీషు ఎం.ఏ. చదివి, వక్తృత్వ పోటీల్లో కప్పులు కొట్టి, ఇంట్లో వాటికి చింతపండు పెట్టి తోమించి, చివరికి ఆయన వీసాకి తోకలా ఇక్కడికొచ్చి పడ్డాను. నాకు ఉద్యోగం చేసే వీలు లేదు. వచ్చిన రెండో ఏడు ఆకులు రాలే కాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది, ఆస్పత్రి నుంచి ఇంటికి రాకుండానే పోయింది. ఇంత పొడిగా చెబుతోందేమిటి అనుకోకండి. నాకప్పుడు ఏడుపు రాలేదు. ఆకలీ లేదు, కోపమూ లేదు. పంటి డాక్టరు మత్తు సూది ఇచ్చాక బుగ్గ మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉండేది. మా ఆయన పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళేవారు, సాయంత్రం వచ్చి "తిన్నావా?" అనేవారు. "తిన్నాను" అనేదాన్ని. ఆ ఒక్క ప్రశ్నా జవాబుతోనే మా సంసారం ఆ చలికాలమంతా గడిచింది. ముందు అద్దెకున్నవాళ్ళు వదిలి వెళ్ళిన ఉయ్యాల మంచాన్ని ఆయన ఎప్పుడు మడిచారో, మడిచి పడకగది తలుపు వెనకాల పెట్టేశారు. దాని మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జనవరిలో ఆయన ఒక సాయంత్రం మామూలు ప్రశ్న కాకుండా ఇంకో మాటన్నారు. "మా ల్యాబ్‌లో ఒక చైనా ఆవిడ ఉన్నారు. ఇంగ్లీష్ కావాలిట. నువ్వు కాస్త చెప్పగలవా?" అని. నన్ను ఇంట్లోంచి బయటికి లాగాలని ఆయన ఉద్దేశం. అది నాకు తెలుసు. కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా, అందుకని సరేనన్నాను.

ఆవిడ వయసు అప్పటికే నలభైకి దగ్గర. చైనా నుంచి చదువుకునేవాళ్ళు అప్పుడప్పుడే అమెరికా రావడం మొదలైంది. అందరికీ ఒకే దర్జీ కుట్టినట్టు ఒకే రంగు, ఒకే కోతా ఉన్న కోట్లు. ఆవిడ చదువుకోవాల్సిన వయసంతా, వాళ్ళ ప్రభుత్వం కాలేజీలు మూసేసి పిల్లల్ని పల్లెలకి పంపిన రోజుల్లో, పందులు మేపడంతో గడిచిందట. తర్వాత ఎలాగో పరీక్షలు నెగ్గి ఇక్కడిదాకా వచ్చింది. వాళ్ళ ప్రభుత్వం పంపిన గడువు వేసవితో అయిపోతుంది. ఇక్కడే ఉండి పిహెచ్.డి. పూర్తి చేయాలంటే డిపార్ట్‌మెంట్ ఆవిడకి టీచింగ్ అసిస్టెంట్ పని ఇవ్వాలి. కానీ ఆవిడ మాట క్లాసులో పిల్లలకి అర్థమవుతుందా అని పెద్ద ప్రొఫెసర్‌గారి అనుమానం. మార్చిలో విదేశీ విద్యార్థులకి ఇంగ్లీషు ఉపన్యాసాల పోటీ పెడుతున్నారు, అందులో నిలబడి మాట్లాడు, నేనొచ్చి వింటాను, ఆ తర్వాత చెబుతాను అన్నాడట. నెగ్గితే డాక్టరేటు. లేకపోతే తిరిగి వెళ్ళిపోవాలి, ఆ వయసులో ఎవరూ రెండోసారి పంపరు. ఇదంతా ఆవిడ మొదటి రోజే చిన్నచిన్న ఇంగ్లీషు ముక్కల్లో చెప్పేసి, వెంట తెచ్చుకున్న జామ్ సీసాలోంచి వేడి టీనీళ్ళు తాగింది. నాకంటే పదమూడు, పద్నాలుగేళ్ళు పెద్ద. అయినా నన్ను 'టీచర్' అనే పిలిచేది. నేను ఎంత వద్దన్నా వినలేదు. నాకేమో పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు, 'అక్కయ్యా' అన్నాను. అర్థం చెబితే తెగ సంతోషపడింది, వాళ్ళలోనూ అలాగే పిలుస్తారట.

పాఠాలు మా అపార్ట్‌మెంటు నేలమాళిగలో, లాండ్రీ గదిలో జరిగేవి. మా ఇంట్లో హీటరు మూలుగుతుందే తప్ప వేడెక్కదు, అక్కడైతే బట్టలారబెట్టే యంత్రాల పుణ్యమా అని వెచ్చగా ఉండేది. సబ్బు వాసన, గుండీలు లోపల టకటక కొట్టుకునే చప్పుడు, మధ్యమధ్యలో ఎవరి మేజోళ్ళో ఒకటి తప్పిపోయి వెతుక్కోవడం. ఆ రొదలో గొంతు పైకెత్తితే తప్ప వినపడదు. పోటీ నడిపేవాళ్ళు పంపిన కాగితంలో 'హాయిగా, నవ్వుతూ, మీరు మీరుగా మాట్లాడండి' అని ఉంది. మాకిద్దరికీ అది మింగుడు పడలేదు. జడ్జీలని చూసి నవ్వడమేమిటి, ఎగతాళి అనుకోరూ? ఆ కాగితం పక్కన పెట్టి నాకొచ్చిన విద్య నేర్పాను. అంటే గుంటూరు విద్య. మొదట అధ్యక్షులవారికి, గౌరవనీయ న్యాయనిర్ణేతలకి, సభకి వందనాలు. 'దేశం' అన్నప్పుడు కుడిచెయ్యి పైకి. 'భవిష్యత్తు' అన్నప్పుడు చూపు దూరంగా, మా వాషింగ్ మెషీన్ల మీదుగా. 'సైన్సు, సమాజం' అనే ఉపన్యాసం నేనే రాసిచ్చాను. మర్నాటికల్లా అక్కయ్య దాన్ని అప్పజెప్పేసింది. చిన్నప్పుడు మా తాతగారి ముందు ఎక్కాలు వల్లె వేసిన దాన్ని నేను, నాకే ముచ్చటేసింది.

చిక్కల్లా ఉపన్యాసం తర్వాత జడ్జీలు అడిగే ప్రశ్నలతో వచ్చింది. నేను ప్రశ్న అడిగితే, "ముందు మీరు చెప్పండి టీచర్, నేను వింటాను" అనేది. నేను చెప్పేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకుని వినేది. తర్వాత అదే జవాబు అక్షరం పొల్లుపోకుండా, మధ్యలో నేను దగ్గితే ఆ దగ్గుతో సహా అప్పజెప్పేది. మీ ఊరేది అంటే గుంటూరు అంది. ఇష్టమైన వంట అంటే గోంగూర అంది. "అక్కయ్యా, మీ ఊరు చెప్పండి, మీ వంట చెప్పండి" అంటే, "ముందు మొత్తం నోటికి రావాలి. సొంతది తర్వాత దానంతట అదే వస్తుంది. మా దగ్గర ఇలాగే నేర్పుతారు" అంది. మాకు మాత్రం ఇంకెలా నేర్పారు గనక? నేను వాదించలేదు. గోంగూర ఎలా ఉంటుందో మాత్రం చెప్పాను, రేపు ఎవరైనా అడిగితే పరువు పోకుండా.

ఒక రోజు, పోటీ నడిపేవాళ్ళు పంపిన మాదిరి ప్రశ్నల్లో తర్వాతి ప్రశ్న 'మీకు పిల్లలున్నారా?' అని ఉంది. నేను అడిగాను. ఆవిడ మామూలుగానే, "ముందు మీరు" అని కళ్ళు మూసుకుంది. లేరు అని చెబితే అయిపోయేది. కానీ ఇంగ్లీషు పాఠంలో పూర్తి వాక్యంలో చెప్పాలని నేనే కదా రోజూ పోరుతున్నాను. "నాకొక కూతురు పుట్టింది. తొందరపడి ముందే వచ్చింది. తనని ఇంటికి తీసుకురాలేకపోయాను. మాలో ఇరవై ఒకటో రోజున పేరు పెడతారు, అన్నాళ్ళు తను ఉండలేదు. అందుకని తనకి పేరు లేదు" అన్నాను. తెలుగులో ఎవరికీ చెప్పని మాటలు. అమ్మకి రాసిన ఉత్తరంలో కూడా రాయనివి. ఇంగ్లీషులో అవి వేరెవరివో అయినట్టు, వ్యాకరణ దోషం లేకుండా వచ్చేశాయి. అక్కయ్య కళ్ళు తెరవలేదు. అయ్యో అనలేదు, చెయ్యి పట్టుకోలేదు. "ఇంకోసారి చెప్పండి టీచర్" అంది. చెప్పాను. మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. ఆ రోజు మాత్రం ఆవిడ తిరిగి అప్పజెప్పలేదు. యంత్రం ఆగిపోయింది, దుప్పట్లు చెరో కొసా పట్టుకుని మడిచాం. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. కాకపోతే ఆ సాయంత్రం కాస్త ఆకలేసిందని గుర్తు.

పోటీ రోజున మా ఆయన కూడా వచ్చి నా పక్కన కూర్చున్నారు. హాలు సగం నిండింది. పెద్ద ప్రొఫెసర్ చిట్టచివరి వరసలో ఒంటరిగా కూర్చున్నాడు. అక్కయ్య స్టేజీ ఎక్కి, అధ్యక్షులవారికి వందనాలు చెప్పింది. అధ్యక్షులెవరూ లేరక్కడ. జీన్స్ వేసుకుని సభ నడుపుతున్న అమ్మాయి తన వెనక ఎవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసింది. తర్వాత అక్కయ్య చెయ్యి పైకి లేచింది, చూపు దూరానికి పోయింది, గుంటూరు మహిళా కళాశాల వార్షికోత్సవమంతా నడుస్తూ వచ్చి ఆ మంచు ఊళ్ళో నిలబడింది. మా ఆయన గొంతు సవరించుకుంటున్నట్టు నటిస్తూ నవ్వు ఆపుకున్నారు. ఉపన్యాసం ఎక్కడా తొట్రుపడకుండా అయిపోయింది. నేను ఊపిరి పీల్చుకునేలోపు జడ్జీల్లో ఒక ముసలావిడ ఎంతో ప్రేమగా అడిగింది, "మీకు పిల్లలున్నారా అమ్మా?" అని.

అక్కయ్యకి కూతురుందని మా ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. అక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. అక్కయ్య అమెరికా వచ్చి మూడేళ్ళు, ఆ మూడేళ్ళలో పిల్లని చూడలేదు. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. చివరి వరసలో ప్రొఫెసర్ ముందుకి వంగాడు. అయిపోయింది, ఇక విమానమెక్కి వెళ్ళిపోవడమే అనుకున్నాను. అప్పుడావిడ కళ్ళు మూసుకుంది. "నాకొక కూతురు పుట్టింది. తొందరపడి ముందే వచ్చింది" అని మొదలుపెట్టింది. ఒక్క మాట తేడా లేదు. ఇరవై ఒకటో రోజు కూడా వచ్చేసింది. అది ఏ దేశపు ఆచారమో అక్కడ కూర్చున్నవాళ్ళలో మా ఇద్దరికే తెలుసు. మా ఆయన నా వైపు తిరగలేదు. కుర్చీ చెయ్యి మీదున్న ఆయన చెయ్యి మాత్రం గట్టిగా బిగుసుకుంది.

కప్పు ఎవరికో వెళ్ళింది. కోట్లు తగిలించుకునే గదిలో పెద్ద ప్రొఫెసర్ మా దగ్గరికొచ్చాడు. ఆయన ఏమీ అనకముందే అక్కయ్య బడిపిల్లలా నిటారుగా నిలబడి, "ఆ జవాబు నాది కాదు, టీచర్‌ది. నాకు కూతురుంది" అని చెప్పేసింది. ఆయన టోపీ పెట్టుకుంటూ, "నేను చివరి వరసలో కూర్చున్నది మీ కథ వినడానికి కాదు, మీ మాట అంతదూరం వస్తుందా అని. వచ్చింది. సెప్టెంబర్ నుంచి రెండు సెక్షన్లు తీసుకోండి" అన్నాడు. నా వైపు చూసి ఒక్కసారి తల వంచి వెళ్ళిపోయాడు. ఆ గొంతుకి పదును పెట్టింది మా లాండ్రీ గది అని ఆయనకేం తెలుసు!

అప్పుడు అక్కయ్య నా చెయ్యి పట్టుకుంది, పట్టుకోవడం అదే మొదటిసారి. "కోపమా టీచర్? నా కూతురి గురించి చెబితే అక్కడే ఏడ్చేసేదాన్ని. మాట ఆగిపోయేది. మీ కూతురి గురించి అయితే ఏడవకుండా చెప్పగలిగాను" అంది. కోపం కాదు. ఎక్కడో అమ్మమ్మ దగ్గర జడలు వేయించుకుంటూ, తల్లి మొహం మరిచిపోతూ ఉండే ఒక పిల్ల నా కళ్ళకి కట్టింది. నేనెన్నడూ చూడని పిల్ల. ఆ పిల్ల కోసం ఏడ్చాను. నెలల తరబడి రాని ఏడుపు, అందరి తడి కోట్ల మధ్యా నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. అక్కయ్య కూడా అప్పుడే ఏడ్చింది. ఎవరి కోసం అని నేను అడగలేదు.

తిరుగు ప్రయాణంలో మా ఆయన మెల్లగా డ్రైవ్ చేశారు. మా వీధి మలుపులో కారు పక్కకి తీసి ఆపి, అద్దం వైపే చూస్తూ, "ఏం పేరనుకున్నావు?" అని అడిగారు.

చెప్పాను. "నేనూ అదే అనుకున్నాను" అన్నారు. నిజంగా అనుకున్నారో, నా కోసం అన్నారో ఆయన పోయిన తర్వాత ఇక తెలిసే దారి లేదు. ఆ పేరు ఇక్కడ రాయను. కానీ పేరు లేనివాళ్ళకి ఏళ్ళు రావని నాకు తెలిసిందప్పుడే. అంతవరకూ మా ఇంట్లో కదలకుండా నిలబడిపోయిన కాలం ఆ కారులో మళ్ళీ బయల్దేరింది, అప్పటినుంచి మా అమ్మాయికి కూడా అందరి పిల్లల్లాగే ఏటేటా ఒక ఏడు వస్తూనే ఉంది.