ఫ్లెక్సీ వెనక నుంచి ఒక మాట

నా మిత్రుడు గీసేవాడు, నేను రాసేవాణ్ణి. మా బొమ్మల కథలో నాయకుడు మొదటి పేజీలోనే చస్తాడు. కూడలిలో వాడికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతారు. ఇక కథంతా వాడు అందులోంచి కిందికి చూస్తూ వచ్చేపోయేవాళ్ల మీద విసిరే మాటలే. అడుగున గుండ్రటి ఫొటోల్లో బంధువులు చచ్చినవాడి కంటే పెద్దగా ఉంటారు. ప్రతి సంచిక చివర ఎవరో లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి వాడి మీదే కట్టేస్తారు. దాని వెనక నుంచి వాడు ఒక్క మాట అంటాడు. జనం చదివేది ఆ మాట కోసమే. అది మాత్రం ఎప్పుడూ నా మిత్రుడే చెప్పేవాడు, నాకు చేతనయ్యేది కాదు.

వాడిది కొత్తవాడ, ఇంట్లో జంపఖానాల మగ్గం. వాడు మాత్రం హనుమకొండలో ఫ్లెక్సీ షాపులో కూర్చుని రోజంతా చావులకూ పుట్టినరోజులకూ డిజైన్లు చేసేవాడు. మా జోకుల్లో సగం అక్కడివే. సంచికలు జిరాక్స్ తీసి కాలేజీల దగ్గర చాయ్ బండ్ల మీద పెట్టి వచ్చేవాళ్లం. ఆఖరి సంచిక గీస్తుండగా వాడి కిడ్నీలు పాడయ్యాయి.

దవాఖానలో మంచం మీదే బొమ్మలన్నీ పూర్తిచేశాడు. చివరి గడిలో మాట ఒక్కటే మిగిలింది.

"ఏదో ఒకటి చెప్పురా, రాసుకుంట," అన్నాను.

"ఆగు. ఇప్పుడు అన్నీ ఏడుపు మాటలే వస్తున్నయ్. గవి పెడితే మన ఇజ్జత్ పోతది."

"ఎప్పటిదాకా ఆగాలె?"

"నేను పోయినంక నువ్వే రాస్తవేమోనని నా ఫికర్," అన్నాడు.

ఇద్దరం నవ్వాం. నర్సు వచ్చి కసిరింది. ఆ వారంలోనే వాడు పోయాడు, మాట చెప్పకుండానే. నాకిప్పటికీ వాడి మీద కోపమే.

కొత్తవాడ కూడలిలో కట్టడానికి వాడి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వాడి షాపులోనే వేశారు. వాడి చిన్నాయన కంప్యూటర్ పక్కన నిలబడి, "నా ఫొటో జర పెద్దగ వెయ్యిండ్రి, సొంత చిన్నాయినను గద," అన్నాడు. మిగతావాళ్లూ అదే అడిగారు. అందరూ పెరిగేకొద్దీ వాడు చిన్నవాడయ్యాడు. చావు పూట ఎవరితో ఏం కొట్లాడతాం? నా ఫొటో కూడా ఒక మూలకు పెట్టారు.

పదో రోజు కాకముందే ఒక లీడర్ పుట్టినరోజు వచ్చింది. ఆటోలో కొత్తవాడ కూడలి దాటుతూ చూశాను. కొత్త ఫ్లెక్సీ వాడి మీదే కట్టారు. అడుగున గుండ్రటి ఫొటోల్లో మళ్లీ చిన్నాయన, ఈసారి నవ్వుతూ. పై అంచు మీంచి వాడి నుదురూ కళ్లూ మాత్రం కనబడుతున్నాయి. అచ్చం మా ఆఖరి పేజీ.

ఆటో ఆపించి దిగాను. ఎండలో తల పైకెత్తి నిలబడ్డాను.

"వస్తవా అన్నా, నన్ను పొమ్మంటవా?" అన్నాడు ఆటో అతను.

"జర ఆగన్నా, వాడొక మాట అంటడు."

అతను పైకి చూశాడు, నన్ను చూశాడు, బండి తీసుకుని పోయాడు. చాలాసేపు నిలబడ్డాను. వాడు ఏమీ అనలేదు.