ఫోటోల మూలన పసుపుపచ్చ ఏప్రన్

ఈ ఉదయం మా ఆయన మళ్ళీ పెట్టె సర్దుకుంటూ "నా ఆకుపచ్చ సంచి ఏదే?" అని ఇల్లంతా తిరగేశారు. గుప్పెడంత సంచి అది. ఆయన ఇన్సులిన్, సూదులు పెట్టుకోవడానికి నా పాత చీర అంచుతో నేనే కుట్టాను. దొరికాక చేతిలోకి తీసుకుంటే బ్యూనస్ ఎయిర్స్ గుర్తొచ్చింది. ఆ ఊరు నేను చూడలేదు. ఎమిరేట్స్‌లోని ఈ కల్బా ఊళ్ళో ఆసుపత్రి డ్యూటీ, ఇల్లు, చర్చి, ఇంతే నా ప్రపంచం. అయినా ఆ ఊరి మూలంగా ఈ ఇంట్లో జరిగిన గొడవ ఇంతా అంతా కాదు.

కరోనా సద్దుమణిగిన కొత్తలో, దుబాయ్‌లోని ఒక ట్రావెల్ కంపెనీ తరఫున ఆయన దక్షిణ అమెరికా వెళ్ళి ఆ ఊరిని ఫోటోలు తీసుకొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే వర్ణన. నడివీధిలో జంటలు నాట్యం చేస్తాయట, బాల్కనీల్లోంచి ముసలాళ్ళు చప్పట్లు కొడతారట, ఒకే గిన్నెలో టీని ఒకే గొట్టంతో పదిమందీ తాగుతారట. కరోనా వార్డులో పనిచేసినదాన్ని, ఆ గొట్టం మాటకే నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత టీవీలో పెట్టి ఫోటోలు చూపించారు. నాలుగో ఫోటోలో, నాట్యం చేసే జంట వెనక, పసుపుపచ్చ ఏప్రన్ కట్టుకున్న ఆడమనిషి. పూల దుకాణం పక్కనా ఆవిడే. రంగురంగుల రేకుల ఇళ్ళ ముందూ ఆవిడే. "ఎవరండీ ఈవిడ?" అంటే, "వేరుశనగపప్పుకి చక్కెర పాకం పట్టి అమ్ముద్దిలే" అని గబగబా తర్వాతి ఫోటోకి వెళ్ళిపోయారు.

నాకు రెండు అనుమానాలు ఒకేసారి పట్టుకున్నాయి. ఆడమనిషి ఒకటి, పాకం ఒకటి. షుగరున్న మొగుడికి రెండూ ప్రమాదమే. అబుదాబి దగ్గర ముసఫాలో నర్సుగా చేసే మా అక్కకి ఫోన్ చేస్తే అగ్నికి ఆజ్యం పోసింది. "ఫోటోలోళ్ళని నమ్మకే. ఏది చూపించాలో, ఏది కోసెయ్యాలో ఆళ్ళకి బాగా తెల్సు. ఇంక నీ కాపురం ఖలాస్!"

మూడు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. ఆయన బయటికెళ్ళగానే ఫోటోలు పెద్దవి చేసుకుని చూసేదాన్ని. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, అది కొంత ఊరట. చివరి ఫోటోలో ఆవిడ తోపుడుబండి పిడికి ఏదో వేలాడుతోంది. ఇంకా పెద్దది చేశాను. నా చీర అంచు! నేను కుట్టిన సంచి ఆవిడ బండి మీదికి ఎలా వెళ్ళింది?

సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే ఆ ఫోటో ముఖం మీద పెట్టి "ఇదేంటి?" అన్నాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"పొద్దున ఇంజెక్షన్ చేసుకుని, ఆ డాన్సులు తీస్తా తినటం మర్చిపోయానే. షుగర్ మరీ తగ్గిపోయి రోడ్డు మీదే పడిపోయా. చుట్టూ మూగినోళ్ళని దొంగలనుకుని కెమెరాని కరుచుకుని వదల్లేదు. ఈవిడ నా సంచి తెరిచి ఇన్సులిన్ చూసి, వేలితో పాకం తీసి చిగుళ్ళకి రాసింది. మళ్ళీ పడతానేమోనని సంచి తన దగ్గరే పెట్టుకుని, సాయంత్రం దాకా బండి తోసుకుంటా నా ఎనకే తిరిగింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ ఏ ఊరైనా పంపుతావా?"

పంపేదాన్ని కాదు. వార్డులో నేనైనా ఆవిడ చేసినట్టే చేసేదాన్ని. అలాంటి మనిషిని మూడు రోజులు తిట్టుకున్నందుకు సిగ్గేసింది, ఆయన పడిపోయిన రోడ్డు తలుచుకుని భయం వేసింది. ఆ రాత్రి బాగా ఏడ్చాను.

ఇవాళ సంచిలో చక్కెర పొట్లాలు కూడా పెట్టి జిప్పు వేశాను. "టయానికి తింటాలేవే, ఒట్టు" అన్నారు. నమ్మలేదు. ఇన్నేళ్ళయినా నా అనుమానం ఎక్కడికీ పోలేదు. అప్పట్లో ఫోటోల మూలల్లో ఆ మనిషి ఎందుకుందా అని వెతికేదాన్ని. ఇప్పుడు ఆయన ఏ ఊరి నుంచి ఫోటోలు పంపినా, అలాంటి మనిషి ఒకరైనా ఉన్నారా అని వెతుకుతున్నాను.