మేస్త్రి ఇవ్వని తాళాలు

మేస్త్రి పోయాడని మా నాయన ఫోన్ చేసి చెప్పాడు. నేనప్పుడు బడికి పోయే బస్సులో ఉన్నాను. సిరుగుప్ప నుంచి బళ్ళారి వైపు పోయే బస్సుల్లో పొద్దున పూట నిలబడడానికి చోటు దొరికితే అదే భాగ్యం. ఒక చేత్తో కమ్మీ పట్టుకొని, ఇంకో చేత్తో ఫోను చెవికి ఆనించుకొని విన్నాను.

"మేస్త్రీ పాయనే పాపా. షెడ్డు తెరిసి, టీ తాగి, కూసున్నోడు కూసున్నట్లే పొయినాడంట. గుండెంట." ఆ తర్వాత, "ఇంగ మన బండి ఎట్లమ్మే?" అన్నాడు.

ఉన్నమాట చెబుతాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మనిషి పోతే బండి గురించి అడుగుతున్న మా నాయన మీద వచ్చింది. ఆరు నెలలు మా కారును షెడ్డులో పెట్టుకొని, ఇవాళ రేపు అని తిప్పి, చివరికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన మేస్త్రి మీద వచ్చింది. పది రోజుల కిందటే ఆయన్ని నిలబెట్టి తిట్టి వచ్చిన నా నోటి మీద అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది.

ఊరి చివర కాలువ గట్టు పక్కన ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. బోర్డు లేదు. ఎవరినడిగినా 'మేస్త్రి షెడ్డు' అని చూపిస్తారు. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ట్రాక్టర్లు, కోత మిషన్లు, పాత కార్లు ఆయన చేతుల మీదుగా పోయాయి. మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడం, స్పానర్ జారి వేలికి తగిలితే మాత్రం తిట్టేది ఉర్దూలో. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకొని వినేవాడు. ఆ సమయంలో ఎవరైనా నోరు తెరిస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "అది చెప్తాంది కదప్పా, నువ్వు స్వల్ప ఊకుండు," అనేవాడు.

ఆయనకు రెండు పట్టింపులు. బండిలోంచి తీసేసిన పాత సామానంతా గుడ్డలో మూటకట్టి డిక్కీలో పెట్టి ఇచ్చేవాడు. మాకెందుకు ఈ తుప్పు అంటే వినడు. "పాతది సూపకుండా కొత్తది ఏస్తే అది దొంగతనం కిందికే వస్తాది," అనేవాడు. రెండోది తాళాలు. రిపేరు అయిపోగానే తాళాలు చేతికిచ్చే అలవాటు ఆయనకు లేదు. బండి యజమాని తోలాలి, ఆయన ఎడమ పక్క కూర్చోవాలి, గట్టు మీద వంతెన దాకా పోయి రావాలి. "గాడి బాగు చేసేది సగం పని. తోలేవాని చేతికి కుదరల్ల. కుదిరినంక బీగాలు తీస్కో." పెళ్ళికి తొందరగా పోవాలని వచ్చిన ఒక రైస్ మిల్లు యజమాని చేత పట్టుపంచెతోనే ఆ రౌండు కొట్టించాడని మా నాయన ఎన్నిసార్లు చెప్పి నవ్వాడో!

నన్ను 'పాపా' అని పిలిచేవాడు. నాకు యాభై దాటాయి. బడిలో నా చెప్పుల చప్పుడు వింటేనే పిల్లలు బెంచీలకు అతుక్కుంటారు. ఆయన మాత్రం నడిరోడ్డు మీద, నా తోటి టీచర్ల ముందు, "ఏం పాపా, నాయన బాగుండాడా?" అని కేకేసేవాడు. ఆయన షెడ్డు పెట్టిన కొత్తలో నేను కాలేజీ పిల్లను. ఆ తర్వాత నాకు వయసు వచ్చినట్టు ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక కారు సంగతి. దానికి ఇరవై నాలుగేళ్ళు. ఒకప్పుడు తెల్లగా ఉండేది. సండూరు వైపు చుట్టాల ఇళ్ళకు తిరిగి తిరిగి ఇనుప ఖనిజం దుమ్ముకు తలుపుల అంచులు ఎర్రబడ్డాయి. మా అమ్మ పోయాక నాయన నా దగ్గరే ఉంటున్నాడు, ఆయనతోపాటు కారూ వచ్చింది. నాయనకు డెబ్బై ఎనిమిది. కంటి నరం దెబ్బతింది. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కలు కనపడవు అని డాక్టరు చెప్పాడు. మా నాయన లెక్కలో డాక్టరు చెప్పింది ఆ మాటలో మొదటి సగమే.

పోయిన దసరా ముందు క్లచ్ పోయింది. బ్రేకులు అప్పటికే అంతంతమాత్రం. బాగు చేయించాలా, ఇంతటితో వదిలించుకోవాలా అని ఇంట్లో పది రోజులు ఒకటే పోట్లాట.

"యాడికి పోతావు నాయనా ఇంగ కార్లో?" అన్నాను.

"యాడికన్నా పోనీ. వాకిట్లో ఉండల్ల."

"వాకిట్లో ఉండేదానికి రిపేరెందుకు?"

"నీకు తెలీదులే. నువ్వు బస్సు మనిషివి."

ఆ మాటకు నాకు అన్నం సహించలేదు. నా జీతం, నా ఇల్లు, నా వంట, నేను బస్సు మనిషిని! ముసలాయన్ని అడ్డుకోవడం నా వల్ల కాదని తేలిపోయాక, ఒకరోజు ఆయనకు తెలియకుండా మేస్త్రి దగ్గరికి పోయాను. ఈ ఊళ్ళో బండి విషయంలో నాయన తలవంచేది ఒక్క మేస్త్రి మాటకే.

"అన్నా, ఇది ఇంక బాగు కాదని ఒక్క మాట చెప్పు. స్పేర్లు దొరకవని చెప్పు. నీ మాటైతే వింటాడు."

ఆయన టీ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ విన్నాడు. "నోరు లేనిదాని మీద అబద్ధం చెప్పగూడదు పాపా," అన్నాడు. "మనిషి మీదైతే వాడు కాదని అరుస్తాడు. గాడి ఏమంటాది పాపం?"

"మా నాయన యాడన్నా గుద్దితే? ఎవురన్నా కింద పడితే?"

"సూద్దాంలే."

ఆ 'సూద్దాంలే' నాకు మంటెత్తించింది. కారు షెడ్డుకు చేరింది. ఆయుధపూజ రోజు నాయన బంతిపూల దండ, బూడిద గుమ్మడికాయ తీసుకొని ఆటోలో అక్కడికే పోయాడు. ఇక ఆ తర్వాతి నుంచి ప్రతి గురువారం పొద్దున ఆరింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకొని షెడ్డుకు పోవడం, ఎనిమిదింటికి దిగాలుగా తిరిగి రావడం.

"ఏమన్నాడు?" అని అడిగేదాన్ని.

"ఇంగా కుదర్లేదంట. ఇంగో వారం సూద్దాం అన్నాడు."

దీపావళి పోయింది. సంవత్సరం మారింది. ఉగాది పోయింది. ఇంగో వారం, ఇంగో వారం! ఒక క్లచ్ బిగించడానికి ఎన్ని వారాలు కావాలి? ఇంజన్ విప్పి గోనెసంచి మీద పరిచి, ఏ మర ఎక్కడిదో మర్చిపోయి కూర్చున్నాడేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే ఎత్తడు, పనిలో ఉన్నప్పుడు ఎత్తే అలవాటు లేదు. 'కుదరల్ల' అన్న ఆయన పట్టింపు నాకు పాతికేళ్ళుగా తెలుసు. అయినా ఒక్కసారి కూడా తట్టలేదు చూడండి. కోపం వచ్చినప్పుడు నా బుర్ర అంతే.

చివరిసారి నేను షెడ్డుకు పోయింది ఒక శనివారం. మా కారు మూల బరకం పట్టా కప్పుకొని ఉంది. దాన్ని చూడగానే నాకు పూనకం వచ్చింది. "చేతకాకపోతే చేతకాదని చెప్పన్నా. ముసిలాయనకు ఆశ పెట్టి ఆరు నెలలు తిప్పుకుంటావా? నీకిది ధర్మమేనా?" అని అందరి ముందూ అన్నాను. ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ నవ్వాడు.

"తిట్టు పాపా. నువ్వు తిడ్తే గాడికి దిష్టి పోతాది."

అదే ఆఖరి మాట. నేను జవాబు కూడా చెప్పకుండా వచ్చేశాను.

దినాలు అయిపోయాక, కారును అక్కడి నుంచి తీసేద్దామని బళ్ళారి నుంచి ఒక మెకానిక్‌ను పిలుచుకుపోయాను. ఎంత బాగుంటే అంత, తాడుకట్టి అయినా లాక్కుపోదామనుకున్నాను. మేస్త్రి భార్య దేవుని పటం పక్కన మేకుకు తగిలించిన తాళాలు తీసి ఇచ్చింది. ఆ మెకానిక్ కూర్చొని తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. బానెట్ ఎత్తి చూశాడు, కిందికి దూరి చూశాడు, షెడ్డు ముందు ముందుకీ వెనక్కీ తోలి చూశాడు.

"దీనికేమైంది మేడమ్? కొత్త క్లచ్, కొత్త బ్రేకులు. పక్కా ఉండాది. నన్నెందుకు పిల్సినారు?"

డిక్కీ తెరిచాను. పాత క్లచ్ ప్లేటు, అరిగిన బ్రేకు సామాను గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. ఆ మూట మీద ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ ఎండిపోయి ఉంది. ముందు తలుపు తీసి చూస్తే, ఎడమ సీటు కింద మ్యాటు మీద వడ్లు. ఒకటి రెండు కాదు, గుప్పెడు ఉంటాయి.

మేస్త్రి భార్య నా ముఖం చూసి కుర్చీ వేసింది. "దసరా వారంలోనే చేసిపెట్నాడు పాపా. మీ నాయన తోలేదే కుదర్లే."

మా వైపు కోతలప్పుడు కాలువ గట్టు రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లకు, సగం బండ్లకు. అంచు తెలియడానికి వరసగా రాళ్ళు పెడతారు. ఆ రాళ్ళను చూసుకొని అందరూ పక్కకు పోతారు. మా నాయన మొదటిసారి తోలిన రోజే రాళ్ళ మీదుగా వడ్లలోకి ఎక్కించాడట. మళ్ళీ వారం మళ్ళీ ఎక్కించాడట. వడ్లు లేని నెలల్లో గట్టు అంచుకు పోయాడట.

"మాకు గురువారం షెడ్డు సెలవు," అందామె. "ఆ ఒక్క పొద్దన్నా పండుకోవయ్యా అంటే ఇనకపాయ. 'మామ వస్తాడు, తోలల్ల కదా' అంటాండె. పక్కన కూసోని చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదనే పెట్టుకుంటాండె. మీ నాయన తొక్కిచ్చినప్పుడంతా ఈయన దిగి, రాళ్ళు మళ్ళా ఏసి, వడ్లు చేత్తో కుప్పకు తోసి, రైతుకు దండం పెట్టి వస్తాండె. ఇంగా కుదర్లేదు మామా, ఇంగో వారం సూద్దాం అంటాండె."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే నువ్వు ఆ పొద్దే కారు అమ్మేస్తావంట. 'మామకు వారానికి ఆ రెండు మైళ్ళన్నా ఉండనీ' అన్నాడు."

నాకు మళ్ళీ కోపమే వచ్చింది. ఆ పొద్దున ఎవరి బిడ్డో అడ్డం వచ్చి ఉంటే? హ్యాండ్‌బ్రేకు అందకపోయి ఉంటే? కాలువ అక్కడే కదా ఉంది. ఆయన చేసింది ఒప్పని నేను ఈ రోజుకీ అనను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. నాయన దగ్గర బండి ఎట్లా లాక్కోవాలా అని నేను ఆలోచిస్తూ ఉంటే, మేస్త్రి లాక్కోలేదు, ఇవ్వలేదు. తన సెలవు రోజు ఇచ్చాడు. నా తిట్లు తిన్నాడు. నోరులేని కారు మీద ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఆరు నెలల్లో కారు బాగాలేదని ఆయన ఎవరితోనూ అనలేదని నాకు ఆ కుర్చీలో కూర్చున్నాక గుర్తొచ్చింది. అప్పుడు ఏడ్చాను. క్షమించమని అడగాల్సిన మనిషి లేడు, ఆయన భార్య చేతులు పట్టుకొని ఏడ్చాను.

ఇంటికి వచ్చి నాయన ముందు తాళాలు పెట్టాను.

"కారు దసరాకే బాగైందంట. నీకు తెల్సా?"

"తెల్సు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

నాయన తాళాలను ముట్టుకోలేదు. "ఏమని చెప్పల్ల? రాళ్ళు కనపడ్లేదమ్మే నాకు. ఇంగో వారం కనపడతాయేమో అని పోతాంటి."

అన్నం పెట్టాను. ఇద్దరం తిన్నాం.

కారు ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మాలంటే మనసు రాదు, వాకిట్లో పెట్టాలంటే భయం. ఇంకా మేస్త్రి షెడ్డులోనే ఉంది. మొన్న గురువారం పొద్దున మాత్రం నాయన ఇస్త్రీ చొక్కా వేసుకొని వాకిట్లో నిలబడ్డాడు. నేను బడికి సెలవు పెట్టాను. నాకు లైసెన్సు ఉంది, ఎప్పుడో ఈయనే నేర్పించాడు. షెడ్డుకు పోయి నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. నాయన కుడివైపు తలుపు దాకా వచ్చి, ఒక్క క్షణం ఆగి, చుట్టూ తిరిగి పోయి ఎడమ పక్క కూర్చున్నాడు. చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు, అచ్చం మేస్త్రి విన్నట్టు.

గట్టు మీద రెండో పంట వడ్లు ఆరబోసి ఉన్నాయి. రాళ్ళు నాకు బాగానే కనపడుతున్నాయి. కానీ నేను రోడ్డు చూడకుండా నాయన ముఖం చూశాను. ఎడమ చక్రం ఒక రాయిని తన్ని వడ్ల మీదికి ఎక్కింది.

"ఆపు," అన్నాడు నాయన.

తలుపు తీసుకొని దిగాడు. చెప్పులు విడిచి, కాలితో తడుముకుంటూ అంచు వెంబడి నడిచి, దొర్లిపోయిన రాయిని వెతుక్కున్నాడు. ఒంగి, దాన్ని తెచ్చి వరసలో పెట్టాడు. చెల్లాచెదురైన వడ్లను అరచేత్తో కుప్పకు తోశాడు. వాటి రైతు దూరంగా నిలబడి చూస్తుంటే, అతనున్నాడనుకున్న వైపు తిరిగి దండం పెట్టాడు.

వచ్చి కూర్చున్నాడు. ఆయన పాదాలకు అంటిన వడ్లు, నేను దులపకుండా వదిలేసిన మేస్త్రి వడ్ల మీద రాలాయి.

"ఇంగా కుదర్లేదమ్మే," అన్నాడు. "ఇంగో వారం సూద్దాం."

నేను బండి వెనక్కి తిప్పాను.