హాజరు పట్టీలో లేని మేనల్లుడు

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది టాటానగర్ బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరులో ఉండే పాయింట్స్‌మన్ గారి భార్య. ఆవిడ తమ్ముడు అమ్మకం పన్ను ఆఫీసులో ప్యూను. నేను పూజ ముగించి ఇంకా పీట మీదే ఉన్నాను. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి, "ఒదినా, నువ్వేటీ అనుకోకు. అన్నయ్య లైసెన్సు కాయితం ఎనక్కి పంపేత్తన్నారంట. ఆంధ్రాలో పన్జేసినట్టు రుజువు లేదంట" అంది.

రుజువు లేదట. తొమ్మిదేళ్ల చాకిరీకి.

మా ఆయన విజయనగరంలో తన మేనమామ దగ్గర పనిచేసేవారు. మామగారిది అమ్మకం పన్ను ప్రాక్టీసు. వ్యాపారుల తరఫున రిటర్నులు రాయాలి, అధికారి ముందు జవాబు చెప్పుకోవాలి. రాతంతా మా ఆయనది, సంతకం మామగారిది. ఇక్కడ మా అమ్మకి పక్షవాతం వచ్చింది. రైల్వే డ్యూటీలు చేసుకునే నాన్నగారికి ఇంట్లో తోడు లేకపోవడంతో మేమిద్దరం టాటానగర్ వచ్చేశాం. ఇక్కడి జుగ్సలాయి బజార్లో లైసెన్సున్న ఒక బాబు దగ్గర మళ్లీ అదే బతుకు. రాత ఈయనది, సంతకం ఆ బాబుది. తన చేత్తో తాను సంతకం పెట్టుకోవాలంటే బీహార్‌లో లైసెన్సు తీసుకోవాలి, ఈ ఊరు అప్పట్లో బీహారే. దానికి లైసెన్సుదారు దగ్గర పనిచేసిన అనుభవం చూపించాలి. వేరే రాష్ట్రంలో చేసినదైనా చెల్లుతుందట. అయితే కాగితం ఉండాలి. హాజరు పట్టీ నకలన్నా, ఆ పెద్దమనిషి రాసిచ్చిన ధ్రువపత్రమన్నా.

మాకు రెండూ లేవు. ఎందుకు లేవో మా వైపు ఎవరికి చెప్పినా తెలుస్తుంది, ఆఫీసులో చెబితే నవ్వుతారు. మేనల్లుడి పేరు హాజరు పట్టీలో ఎక్కించడం మా ఇళ్లలో తప్పు. పట్టీ గుమాస్తాలకి. మేనల్లుడు ఇంట్లో తింటాడు, ఇంట్లో పడుకుంటాడు, పండక్కి బట్టలు పెట్టించుకుంటాడు. పేరు రాస్తే జీతగాణ్ణి చేసినట్టు. ఒకసారి ముసలి గుమాస్తా రాయబోతే, మామ చిన్నబుచ్చుకుంటాడని మా ఆయనే చెయ్యి పట్టుకుని ఆపారట. ఆ మాట ఆయన ఇప్పటికీ గొప్పగా చెబుతారు.

ఆఫీసుకి నేనూ వెళ్లాను. పెద్ద గుమాస్తా అంతా విని, "మామా కా ఘర్ థా, యా దఫ్తర్ థా?" అన్నాడు. ఇల్లో ఆఫీసో ముందు తేల్చుకుని రమ్మని. పక్క బల్లల వాళ్లు నవ్వారు. మర్యాదకి మా ఆయన కూడా నవ్వారు. అది చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. మామ రాసివ్వకపోతే అక్కడి వ్యాపారులు రాసిచ్చినా చూస్తాం, రెండు నెలల్లో తెండి అన్నాడు ఆ గుమాస్తా. అందుకు మాత్రం అతనికి దణ్ణం పెట్టాను.

మా ఆయన మామగారికి ఉత్తరం రాశారు. జవాబు కార్డు మీద వచ్చింది, టపా మనిషి కూడా చదువుకునేలా. నిన్ను జీతానికి పెట్టుకున్నానని రాసిస్తే చచ్చి స్వర్గానున్న మా అక్క ఏమనుకుంటుంది, ఊళ్లో నా పరువేం కాను అని.

"మామయ్య మాటా నిజమే కదా" అన్నారు మా ఆయన.

"నిజమే. మీ తొమ్మిదేళ్లే అబద్ధం" అన్నాను. ఆ పూట అన్నం వడ్డించి ఎదురుగా కూర్చోలేదు.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. తాతగారు ఇంట్లోనే పలక మీద దిద్దించారు. ఇచ్చినదానికి దేవుడికి దణ్ణం పెట్టుకోవడమూ ఆయనే నేర్పారు. ఆ నెలంతా నోట్లో స్తోత్రం, కడుపులో మంట. అలా ఎన్నాళ్లు కూర్చుంటాను? అమ్మని పక్కింటి వదినకి అప్పగించి నేనే విజయనగరం రైలెక్కాను.

మామగారు నన్ను చూసి కుర్చీలోంచి కదల్లేదు. "ఏటమ్మా, నా మీద సాక్ష్యం పట్టుకెళ్దామని వచ్చేవా?"

"జరిగింది రాసిమ్మంటున్నాను మావయ్యగారూ, అంతే."

"వాడు నాకు కొడుకులాంటోడు. కొడుక్కి ఎవడన్నా సర్టిఫికెట్ రాత్తాడా?"

"కొడుకే అయితే బోర్డు మీద మీ పేరు కింద వాడి పేరుండేది" అన్నాను. మొగుణ్ణి వాడు అన్నానని తర్వాత గుర్తొచ్చింది. మామగారు చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు.

వంటింట్లోంచి అత్త వచ్చింది. ఆయన భార్య. అంతా విన్నదే. "రేపు శనివారం. ఉపవాసం ఉంటావేటి?" అంది.

"ఉంటాను."

"మానీ. బజారంతా తిరగాలి."

ఇరవై ఏళ్లుగా ఆ కొట్ల పేర్లు వినడమే కాని ఆవిడ ఒక్క గడపా తొక్కలేదు. మొదటి కొట్టు బెల్లం వ్యాపారిది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. "నీ రిటర్నులు రాసింది మా మేనల్లుడే గదా నాయనా. రాసేడని రాసియ్యి."

"అమ్మా, బాబుగారికి తెలిస్తే నా పైలు సెరువులో పడేత్తారు."

"పడెయ్యనీ. తీసి ఆరబెట్టడానికి నేనున్నాను కదా."

అతను నవ్వి రాసిచ్చాడు. నూనె మిల్లులో రాసిచ్చారు, గోనెల కొట్లో రాసిచ్చారు. ఇద్దరు మొహం చాటేశారు. సాయంత్రానికి ఏడు ఉత్తరాలు. నన్ను రైలెక్కించేటప్పుడు, "ఇంటికెళ్తే పెద్ద యుద్ధమే" అని తేలిగ్గా అంది. నేనూ తేలిగ్గానే విన్నాను.

లైసెన్సు వచ్చింది. మా ఆయన మొదటి సంతకం పెట్టిన రోజు కాలనీలో అందరికీ పులిహోర పంచాను, దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. అత్తకి ఒక్క కార్డు రాశాను. జవాబు రాకపోతే ఆవిడకి తీరిక లేదనుకున్నాను.

ఆవిడ పోయాక తెలిసింది. ఆ శనివారం నుంచి మామగారు ఆవిడతో మాట్లాడలేదు. నాలుగేళ్లు. మంచినీళ్లు కావాలన్నా గోడకేసి చెప్పేవారట. మేనల్లుడి మీద ప్రేమతో పట్టీలో పేరు రాయని మనిషి, మేనల్లుడి మేలు కోరిన పెళ్లాన్ని అలా చంపుకుతిన్నాడు. తప్పు మాట రాశానంటే అననివ్వండి. ఆయన్ని క్షమించమని రోజూ దేవుణ్ణి అడగబోతాను, నోరు రాదు. నన్ను నేనూ క్షమించుకోలేదు. కొబ్బరికాయ కొట్టిన చేతులతో ఇంకో కార్డు రాసి ఆవిడ ఎలా ఉందో ఒక్కసారి కనుక్కోలేకపోయాను.

ఇది చదివినవాళ్లు మమ్మల్ని తలచుకోకపోయినా పరవాలేదు. మీ ఇంట దీపం పెట్టేటప్పుడు, విజయనగరం బజార్లో ఎండలో కొట్టు కొట్టుకీ ఎక్కి దిగిన మా అత్తని ఒక్కసారి తలచుకోండి.