ఓటు లేనివాళ్ళకు అన్నం పెట్టని మా బావగారు

మా వారి అన్నగారు చక్రధరరావు ఇటీవల హృద్రోగంతో దివంగతులయ్యారు. ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను క్రైస్ట్‌చర్చ్‌లోని రిక్కార్టన్ పేటలో, మా వంటింట్లో మినప్పప్పు రుబ్బుతున్నాను. “అన్నయ్య ఇక లేడు” అని మా వారు గుమ్మంలో నిలబడి చెప్పారు. గ్రైండర్ ఆపాలని కూడా నాకు తోచలేదు. యముడితోనైనా వాదం పెట్టుకుని గెలిచి వస్తారనుకున్న మనిషి అంత నిశ్శబ్దంగా వెళ్ళిపోయారంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

పోయినవారి గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెబితే ఇది మా బావగారి సంస్మరణ కాదు, ఇంకెవరిదో అవుతుంది. ఆయన వాక్పారుష్యం క్రైస్ట్‌చర్చ్ తెలుగువాళ్ళందరికీ అనుభవైకవేద్యం. ఆయన చేత తిట్లు తిననివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారంటే వాళ్ళు నిన్ననో మొన్ననో విమానం దిగి ఉండాలి.

భార్య గతించి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం విరమించాక ఆయన శేషజీవితాన్ని ఒకే వ్రతానికి ధారపోశారు. యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లల చేత ఓటు వేయించడం ఆ వ్రతం. అందుకు ఆయన ఎన్నుకున్న ఆయుధం అన్నం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇంట్లో విద్యార్థులకు భోజనం. వండేది నేను, వడ్డించేది ఆయన, పేరు మాత్రం ఆయనది. పద్దెనిమిదేళ్ళు నిండి, రెసిడెన్సీ ఉండి, ఈ దేశంలో ఏడాది పాటు నివసించినవాళ్ళెవరైనా ఓటరుగా నమోదు కాకపోతే వాళ్ళకు ప్లేటు లేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళకు ఓటు హక్కు ఉండదు కనుక వాళ్ళకు మినహాయింపు. అలాగని వాళ్ళనూ ఊరికే వదల్లేదు. “తిను నాయనా, నిన్నిక్కడ ఎవడూ లెక్కలోకి తీసుకోడు, పప్పన్నా తిను” అంటూ గరిటెడు ఎక్కువ వేసేవారు.

ఒకసారి ఒక కుర్రవాడు “నాకు పాలిటిక్స్ మీద ఇంట్రెస్ట్ లేదంకుల్” అన్నాడు. బావగారు వాడి వైపు జాలిగా చూశారు. “మీ ఫ్లాట్ గోడలకి బూజు పట్టింది, దగ్గొస్తోందని పోయిన వారం ఏడ్చావుగా. నీకు లేకపోయినా ఆ బూజుకి నీ మీద ఇంట్రెస్ట్ ఉంది” అన్నారు. అందరూ నవ్వారు. వాడు చెవులు ఎర్రబడి, అక్కడే ఫోన్ తీసి నమోదు చేసుకున్నాడు.

సాహితి సంగతి వేరు. ఎక్కడో దూరాన జాన్సన్‌విల్‌లో అమ్మానాన్నల దగ్గర పెరిగి ఇక్కడ ఇంజనీరింగ్‌లో చేరిన పిల్ల. మొదటి ఆదివారం ఆకలితో వచ్చి, ముద్ద కలిపి నోటి దాకా తెచ్చుకుంది. బావగారు ఆ ప్లేటు చేతిలోంచి లాగేసుకున్నారు. “ముందు పేరు నమోదు చెయ్యి. డ్రైవింగ్ లైసెన్స్ ఉందిగా, ఆ నంబరు కొట్టు” అన్నారు. ఆ పిల్ల పప్పు అంటిన వేళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. అడ్రస్ దగ్గర ఆగింది.

“ఫ్లాట్ అడ్రస్ ఇవ్వనా అంకుల్?”

“అద్దె కొంప కూడా ఒక అడ్రసేనా? మీ అమ్మానాన్నల అడ్రస్ పెట్టు. అదే పర్మనెంట్.”

“కానీ నేను ఉండేది ఇక్కడ కదా.”

“ఉండేది వేరు, ఊరు వేరు” అని ఆయన తీర్మానించారు. మనవాళ్ళకు పర్మనెంట్ అడ్రస్ మీద ఉండే భక్తి తెలిసిందే. ఏ కాగితం పూర్తి చేసినా కన్నవాళ్ళ గుమ్మం రాస్తే తప్ప మనసు ఒప్పదు. ఆ భక్తితోనే ఆయన తన ఇంట భోంచేసిన పిల్లలందరి చేతా అదే పని చేయించారు.

తరువాత మా పేట వ్యవహారాలు చూసే కమ్యూనిటీ బోర్డుకు ఎన్నికలు వచ్చాయి. విద్యార్థుల ఫ్లాట్ల ముందు రోడ్డు దాటేచోట సిగ్నల్ దీపాలు పెట్టించాలని బావగారు పట్టుబట్టి అభ్యర్థిగా నిలబడ్డారు. అక్కడే మన కుర్రవాడొకడు కారు కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆదివారం పిల్లలంతా “మా ఓటు మీకే, చక్రం అంకుల్” అన్నారు. ఆయన కొత్త కోటు కుట్టించుకున్నారు. గెలుపు ఖాయమనుకున్నారు, ఓడిపోయారు. కాస్తలో పోయింది. పిల్లల ఓట్లు పడి ఉంటే ఆ కాస్తా ఆయనదే అయ్యేది.

ఆ ఆదివారం ఆయన ఎవరికీ వడ్డించలేదు. “నా అన్నం తిని నాకే ఓటెయ్యని జాతి” అన్నారు. సాహితి లేచి నిలబడింది. “ఓటింగ్ పేపర్స్ పోస్టులో మా పేరెంట్స్ ఇంటికి వెళ్ళాయంకుల్. అమ్మ ఫొటో తీసి పంపింది. వాటి మీద అక్కడి క్యాండిడేట్సే ఉన్నారు, మీ పేరు లేదు” అంది. ఆయన వినిపించుకోలేదు. “అబద్ధాలాడకు. కృతఘ్నులకు నా ఇంట్లో చోటు లేదు” అని తలుపు చూపించారు. ఆ పిల్ల ఏడుస్తూ చెప్పులు వేసుకుంది.

నాకు ఒళ్ళు మండింది. “బావగారూ, ఆ అడ్రస్ పెట్టించింది మీరు. మిమ్మల్ని ఓడించింది మీరే” అన్నాను అందరి ముందూ. మా వారు నా మోచెయ్యి పట్టుకున్నారు. అన్నందుకు నేను ఈ రోజుకీ చింతించడం లేదు. బావగారు మాత్రం ఆ తరువాత నాతో మాట్లాడలేదు, భోజనాలూ ఆగిపోయాయి.

చలికాలం వచ్చేసరికి ఆయన మఫ్లర్ చుట్టుకుని ఫ్లాట్ల వెంట తిరుగుతున్నారని తెలిసింది. ప్రతి గుమ్మంలోనూ అడ్రస్ మార్చుకోమని పోరుతున్నారట. దేశానికంతటికీ జరిగే ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఇదివరకులా పోలింగ్ రోజున వెళ్ళి నమోదు చేసుకుంటామంటే ఈసారి కుదరదు, గడువు ముందే ముగుస్తుంది. అప్పటికే ఆయాసం, డాక్టరు తిరగొద్దన్నారు. ఆయన తిరిగారు. చాలామంది పిల్లలు మార్చుకున్నారు. అలా తిరుగుతూ తిరుగుతూనే ఆస్పత్రిలో చేరారు.

పెద్దకర్మ భోజనాలు ఆయన ఇంట్లోనే పెట్టాం. సాహితీ వచ్చింది. ప్లేటు పట్టుకుని వరసలో నా ముందుకు వచ్చినప్పుడు అడిగాను.

“అడ్రస్ మార్చావా?”

“లేదాంటీ. మార్చను. ఆయన నాకు సారీ చెప్పలేదు.”

“నీ దగ్గరికి రాలేదా?”

“వచ్చారు. వానలో తడుస్తూ వచ్చి మళ్ళీ అడ్రస్ గురించే మాట్లాడారు. ‘ఎక్కడ నిద్ర లేస్తావో అదే నీ ఊరు, మార్చుకో’ అన్నారు. అంతే, వెళ్ళిపోయారు. ఒక్క సారీ లేదు.”

“పిచ్చిదానా, అదే సారీ” అన్నాను. “పుట్టినప్పటి నుంచీ పట్టుకు వేలాడిన మాటని నీ గుమ్మంలో నిలబడి వెనక్కి తీసుకున్నారు. అంత క్షమాపణ కట్టుకున్న పెళ్ళాం కూడా వినలేదు.”

ఆ పిల్ల కళ్ళు నిండాయి. నాకు జాలి కలగలేదు. చేతిలోని ప్లేటు లాగేసుకున్నాను.

వరసంతా ఆగిపోయింది. “ఇవాళ కూడానా, సుజాతా?” అన్నారు మా వారు. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు? “ఫోన్ తియ్యి. లైసెన్స్ నంబరు కొట్టు. ఎక్కడ నిద్ర లేస్తున్నావో ఆ వీధి పేరు పెట్టు” అన్నాను. సాహితి తన ఫ్లాట్ నంబరు, వీధి, రిక్కార్టన్ అని నింపింది. పూర్తయిందని ఫోన్ నాకు చూపించింది. అప్పుడు ప్లేటు తిరిగి ఇచ్చి, అన్నం పెట్టి, ఆయనకిష్టమైన గోంగూర పప్పు వేశాను. ఆయన పటం ఎదురుగా కూర్చుని ఏడుస్తూనే తింది. నేనూ గరిటె అక్కడ పెట్టి కాసేపు ఏడ్చాను.

ఆ రోడ్డు మీద దీపాలు ఇంకా రాలేదు. మన పిల్లల వెంటపడి, వాళ్ళను నొప్పించి, వాళ్ళ కోసం వానలో తడిసే మనిషి ఈ ఊరికి మళ్ళీ దొరకడు. దయాదాక్షిణ్యాలు లేని ఆ మహానుభావుడికి ఆయన మరదలి కన్నీటి నమస్సులు.

వచ్చే ఆదివారం నుంచి భోజనాలు మా ఇంట్లో. ఓటు హక్కు ఉన్నవాళ్ళు లైసెన్స్ తెచ్చుకోండి.