కోసేసిన ప్లగ్గు

ఖరగ్‌పూర్ మలంచాలో మా ఇంటి ముందుగదిలోనే నాకు టైలరింగ్ షాపు ఉంది. కిందటి వానాకాలంలో ఒక ఉదయం మా అమ్మాయి కేకేసింది.

"అమ్మా, ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు లేదేటి?"

వెళ్ళి చూస్తే వైరును ఎవరో కత్తెరతో కోసేశారు. ముందురోజు షాపులోంచి ఆఖరున వెళ్ళింది నా దగ్గర పనిచేసే సుగుణ. సెలవివ్వలేదని ఆ రోజంతా ముఖం మాడ్చుకునే ఉంది. ఇంకేం పాడుచేసిందోనని మిషన్లు, కుట్టిన జాకెట్లు కూడా తిప్పి తిప్పి చూశాను. ఆమె రాగానే కస్టమర్ల ఎదుటే నిలదీశాను.

"నువ్వే కదా కోసినావు?"

"అవునక్కా, నేనే," అంటూ వైరు చీలినచోట ఎప్పుడో నేను చుట్టిన టేపు విప్పింది. లోపల రాగితీగ బయటపడి ఉంది. "షాక్ కొడతాందని నిన్న రెండుసార్లు సెప్పినాను. నువ్వు ఇన్లేదు. పొద్దున్నే పాప దీంతోనే స్కూలు డ్రెస్సు ఇస్త్రీ సేసుకుంటాది గదా. ప్లగ్గుంటే పెట్టేస్తాది. అందుకే ఎల్లేముందు కోసేసినాను."

ముందురోజు ఆమె రెండుసార్లు చెప్పిన మాట నిజమే. పని ఎగ్గొట్టడానికి సాకు అనుకుని, చెప్పులేసుకుని ఇస్త్రీ చెయ్యమన్నాను.

ఆ కస్టమర్ల ఎదుటే ఆమెను క్షమాపణ అడిగాను. ఇప్పుడు షాక్ అని ఎవరన్నా సరే, ముందు స్విచ్ ఆపుతాను. ఆ తర్వాతే నోరు విప్పుతాను.